ఆటల అనంతరము వచ్చు కండరముల నొప్పి - మందుల విషయమున మెలకువలు

(కామవరపుకోటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో సాధారణముగా రోడ్లు, మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు చర్చకు వచ్చుచుండును. నేడు నేను మీ ఎదుట ప్రస్తావింపబోవు విషయము చూచుటకు చాల చిన్నది. ఆట ఆడిన మరునాడు ఒళ్ళు నొప్పులు వచ్చినచో ఏ మందు వాడవలెను? ఏది వాడరాదు? అసలు మందే అవసరమా? ఇంత చిన్న విషయమునకు ఒక సభ కావలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచినది. ఆ ఆలోచన ఎంత పొరపాటో స్వానుభవమున తెలిసికొంటిని గనుక, ముందుగా ఆ సంగతి చెప్పుదును.

నేను కుర్చీలో కూర్చుండి పనిచేయు ఉద్యోగిని. నలుబది ఏండ్లు దాటిన పిమ్మట, ఆరోగ్యమునకు మంచిదని సాయంకాలములందు వాలీబాలు ఆడ మొదలిడితిని. ఆడిన ప్రతిసారియు మరునాడు భుజము, తొడలు పోటు పెట్టెడివి. తోడి ఆటగాడొకరు చెప్పగా దుకాణములో ఒక మాత్ర కొని వేసికొంటిని. నొప్పి తగ్గినది. అది మొదలు ఆట ఉన్న ప్రతి దినమును ఆ మాత్ర వేసికొనుట అలవాటైనది. కొన్నాళ్ళకు నొప్పి రాకముందే, ఆటకు పోవుటకు ముందే, ఖాళీ కడుపుతో వేసికొనుట మొదలైనది. ఇట్లు మూడు మాసములు గడచినవి. ఒకనాటి ఉదయము మలము తారువలె నల్లగా వచ్చినది. లేచి నిలువబోవగా కన్నులు తిరిగి పడిపోతిని. ఆసుపత్రిలో పరీక్షించి, ఆ మాత్రల వలన కడుపులో పుండు పడి రక్తము కారుచున్నదని చెప్పిరి. రెండు సీసాల రక్తము ఎక్కించి నన్ను నిలబెట్టిరి.

ఇందు ఎవరి మోసమును లేదు. మందు కల్తీది కాదు. మందుల అట్ట వెనుక హెచ్చరిక ముద్రింపబడియే ఉన్నది. పట్టభద్రుడనై, ప్రజలకు హితవులు చెప్పు ఉద్యోగములో ఉండియు, దానిని నేను చదువలేదు. "నొప్పి మాత్రయే కదా" అని తేలికగా తలచితిని. మన గ్రామములలో ఇట్లు తలచువారు నేనొక్కడనే కాదని మీరు ఎరుగుదురు. అందుచేతనే ఈ ప్రసంగము.

ఈ ప్రాంతమునకు దీని అవసరము

కామవరపుకోట మెట్ట ప్రాంతము. ఇచ్చటి యువకులలో పలువురు పగలు తోటలలో పొడుగాటి గడకు కట్టిన కొడవలితో ఆయిల్ పామ్ గెలలు కోయుదురు. కొల్లేటి వైపు పోయినచో, చేపల చెరువులలో వల లాగువారు ఉదయమునుండి నడుములోతు నీటిలో నిలిచి పనిచేయుదురు. సాయంకాలమగుసరికి వీరే కబాడీ బరిలోనో, క్రికెట్ మైదానములోనో ఉందురు. పగటి శ్రమ ఒకటి, సాయంకాలపు ఆట మరియొకటి. రెండు బరువులను మోయు కండరములు మాత్రము అవియే.

వీరుగాక, పోలీసు ఉద్యోగములకు, సైనిక ఉద్యోగములకు దేహదారుఢ్య పరీక్షల కొరకు తెల్లవారుజామున రోడ్లవెంట పరుగులు తీయు యువతీయువకులు ఉన్నారు. సంక్రాంతికి ఊరూర పోటీలు జరుగుచునే ఉండును. 2023 డిసెంబరు 26న మొదలైన "ఆడుదాం ఆంధ్ర" పోటీలలో క్రికెట్, వాలీబాలు, కబాడీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆటలు గ్రామ సచివాలయ స్థాయినుండియే జరిగినవి. ఆటలు పెరుగుట సంతోషింపదగిన విషయమే. అయితే ఏండ్ల తరబడి ఆట విడిచినవారు ఒక్కసారిగా మైదానములోనికి దిగినచో నొప్పులు తప్పవు. నొప్పి వచ్చినచో చేయి మాత్రల వైపునకు పోవుటయు తప్పదు.

నొప్పి ఏల వచ్చును?

మందును ఎంచుటకు ముందు నొప్పి స్వభావము తెలియవలెను. ఆట ఆడిన నాడు హాయిగానే ఉండి, మరునాడు లేవబోవగా తొడలు, పిక్కలు, భుజములు పట్టివేయుట మీరందరు ఎరిగినదే. ఈ నొప్పి సాధారణముగా 12 మొదలు 24 గంటలలో ఆరంభమై, రెండవ మూడవ దినములందు ఎక్కువై, వారము లోపల తనంత తానే తగ్గిపోవును.

కండరములో లాక్టిక్ ఆమ్లము నిలిచిపోవుటచేత ఈ నొప్పి వచ్చునని నేటికిని పలువురు చెప్పుచుందురు. అది సరి కాదు. శ్రమించునపుడు పుట్టిన ఆ ఆమ్లము ఆట ముగిసిన గంట రెండు గంటలలోనే రక్తమునుండి తొలగిపోవును. మరునాటి నొప్పికి అది కారణము కాజాలదు. నిజమైన కారణము, అలవాటు లేని శ్రమవలన కండరపు పోగులలో ఏర్పడు అతి సూక్ష్మమైన చిరుగులును, వాటిని బాగుచేయుటకై శరీరము తెచ్చుకొను వాపును. 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్ అను శాస్త్రజ్ఞుడు ఈ నొప్పి కండరము లోపలి చిరుగులవలన కలుగునదని సూచించెను.

కండరముల శాస్త్రమున మన జిల్లాల వారికి గర్వకారణమైన విషయమొకటి ఉన్నది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కండరములో కనుగొనిరి. తరువాత 1929లో వారిరువురును, అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్‌యును, ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తి నేరుగా లాక్టిక్ ఆమ్లమునుండి వచ్చునని అంతవరకు పండితులు నమ్మియుండిరి. సుబ్బారావుగారి పరిశోధన ఆ నమ్మకమును తలక్రిందులు చేసినది. భీమవరపు బిడ్డ తొంబది ఏండ్లకు పైబడిన క్రిందటనే మార్చిన అభిప్రాయమును మనము ఇంకను పట్టుకొని వ్రేలాడుట తగదు.

ఇంకొక ఉదాహరణము. మన మండలములోనే జీలకర్రగూడెము వద్ద గుంటుపల్లి బౌద్ధ గుహలు కలవు. కొండమీదికి మెట్లెక్కునపుడు ఆయాసము కలుగును. కాని మరునాడు తొడలు పట్టివేయుటకు ముఖ్య కారణము ఎక్కుట కాదు, దిగుట. దిగునపుడు తొడ కండరము సాగుచునే శరీరపు బరువును ఆపవలసి వచ్చును. సాగుచు బరువు మోయు కండరమునకే చిరుగులు ఎక్కువ. కబాడీలో ఒక్కసారిగా ఆగి వెనుకకు తిరుగుట, వాలీబాలులో ఎగిరి దిగుట, పల్లములో పరుగెత్తుట, ఇవన్నియు ఈ కోవకు చెందినవే.

ఇందు ఒక శుభవార్త కూడ కలదు. ఒకసారి ఇట్లు నొచ్చి కోలుకొనిన కండరము, కొన్ని వారములలోపల అదే శ్రమకు మరల అంతగా నొవ్వదు. శరీరము నేర్చుకొనును. కావున కొలదిగా మొదలుపెట్టి, వారము వారము కొంచెము కొంచెముగా పెంచువానికి మందుతో పనియే తక్కువ. ఆడిన ప్రతిసారియు నొప్పి తిరుగబెట్టుచున్నదనగా, ఆ ఆటలో ఏదియో మితిమీరినదని అర్థము. మాత్ర ఆ వార్తను మన చెవిని పడకుండ చేయునేగాని, కారణమును తొలగింపదు.

మందు లేని ఉపాయములు

మొదటి మెట్టు విశ్రాంతి. విశ్రాంతి యనగా మంచము పట్టుట కాదు. నొచ్చిన అవయవమునకు కఠిన శ్రమ ఇయ్యక, మెల్లగా నడచుట, తేలికగా కదలించుట మేలు. కడుపునిండ భోజనము, చాలినంత నీరు, కంటినిండ నిద్ర, ఈ మూడింటిని మించిన మందు లేదు.

దెబ్బ తగిలి గాని, బెణికి గాని వాపు వచ్చినచో మొదటి రెండు దినములు చల్లని కాపడము మంచిది. మంచుగడ్డను నేరుగా చర్మముపై పెట్టరాదు. గుడ్డలో చుట్టి 15 మొదలు 20 నిమిషములకు మించకుండ పెట్టవలెను. వాపు లేక, కండరము బిగిసి నొచ్చుచున్నచో వేడి కాపడము హాయినిచ్చును. మన ఇండ్లలో పెద్దలు చేయు ఉప్పుమూట కాపడము, వావిలాకు వేసి కాచిన వేన్నీళ్ళ స్నానము, నువ్వులనూనె మర్దన, ఇవి నొప్పిని ఉపశమింపజేయునవే, నిరభ్యంతరముగా చేసికొనవచ్చును. అయితే మధుమేహముచేత పాదములందు స్పర్శ తగ్గినవారికి వేడి తెలియక కాలిపోవు ప్రమాదము కలదు. వారికి ఇతరులు చేతితో చూచి కాపడము పెట్టవలెను. బెణికి వాచిన చోట మొదటి దినములలో గట్టిగా మర్దన చేయరాదు. లోపల చిరిగిన పోగు మరింత చిరుగును.

పైపూత మందులు

రెండవ మెట్టు పైపూత. ఈ విషయమున తెలుగువారి పేరు దేశమంతట తెలిసినదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. ఇట్టి తైలములు, అంజనములు చర్మముపై చల్లదనమును, వెచ్చదనమును పుట్టించి, లోపలి నొప్పినుండి మనస్సును మరలించును. కండరపు చిరుగును అవి మాన్పవు. అయినను ఉపశమనము నిజమే. గాయముపైనను, కంటి దరిదాపులలోను వాడరాదు. పూసిన చోట వేడి కాపడము పెట్టినచో చర్మము కాలును. పసిబిడ్డలకు కర్పూరము, మెంతాలు కలిసినవి పూయరాదు.

మరియొక జాతి పైపూతలు కలవు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులను జెల్లు రూపమున తయారు చేసినవి ఇవి. ఒక కీలునో, ఒక కండరమునో బట్టి ఉన్న నొప్పికి, బెణుకునకు ఇవి బాగుగా పనిచేయునని పరీక్షలలో తేలినది. మాత్రగా మింగినదానితో పోల్చినచో రక్తములో కలియు మందు చాల తక్కువ. కావున కడుపునకు, మూత్రపిండములకు కీడును తక్కువ. నొప్పి ఒక్కచోటనే ఉన్నపుడు, మాత్రకు ముందు జెల్లును తలచుట వివేకము. దద్దురు లేచినచో మానివేయవలెను.

మాత్రలు

మూడవ మెట్టు మాత్ర. నొప్పి మాత్రలన్నియు ఒకటియే అను భ్రమ మొదట తొలగవలెను. దుకాణములో నూరు పేర్లు కనబడును. పెద్ద అక్షరములలో ఉన్నది వ్యాపారపు పేరు. దాని క్రింద చిన్న అక్షరములలో ఉన్నదియే మందు పేరు. మీరు చదువవలసినది ఆ చిన్న అక్షరములను.

పారాసెటమాల్: జ్వరమునకు వాడునదియు ఇదియే. కడుపులో పుండు చేయదు గనుక మాత్ర తప్పనిసరియైనపుడు మొదట దీనినే తలచవలెను. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు 500 మిల్లీగ్రాముల మాత్రను ఒకటి గాని రెండు గాని, కనీసము ఆరు గంటల ఎడముతో వేసికొనవచ్చును. వైద్యుని సలహా లేక రోజుకు 3 గ్రాములు, అనగా అట్టి మాత్రలు ఆరు, మించరాదు. 650 మిల్లీగ్రాముల మాత్రలైనచో నాలుగు మించరాదు. మితిమీరినచో కాలేయము చెడును. మద్యము అలవాటున్నవారికి, కామెర్లు వచ్చినవారికి, బక్కపలుచనివారికి ఈ హద్దు ఇంకను తక్కువ. వారు వైద్యునడిగియే వాడవలెను. జలుబు మాత్రలలోను, ఇతర నొప్పి మాత్రలలోను పారాసెటమాల్ కలిసియుండుట సామాన్యము. రెండు పేర్లతో రెండు మాత్రలు మింగి, ఒకే మందును రెండింతలు తీసికొనువారు ఎందరో. చిన్న అక్షరములు చదువుమనుటకు ఇదియొక కారణము.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ మొదలగునవి: ఇవి వాపును కూడ తగ్గించు మందులు. ఆస్పిరిన్ 1897లో జర్మనీలో తయారైనను, ఈ జాతి మందులు ఎట్లు పనిచేయునో 1971లో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు విప్పి చెప్పువరకు లోకమునకు తెలియలేదు. అందులకు 1982లో ఆయనకు నోబెల్ బహుమానమున భాగము లభించినది. శరీరములో ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు నొప్పిని, వాపును కలిగించును. ఈ మందులు వాటి ఉత్పత్తిని ఆపును. కాని అవే పదార్థములు కడుపు లోపలి పొరను ఆమ్లమునుండి కాపాడుచుండును. శరీరములో నీరు తగ్గినపుడు మూత్రపిండములకు రక్తము అందునట్లు చూచుచుండును. దొంగను పట్టబోయి కావలివానిని కూడ కట్టివేసినట్లు, నొప్పితోపాటు ఈ రక్షణయు పోవును. నా కడుపులో పుండు పడినది ఇందుచేతనే.

ఎండలో చెమటలు కార్చి, నీరు త్రాగక పరుగెత్తువాడు ఈ మాత్ర వేసికొన్నచో మూత్రపిండములపై రెండు ప్రక్కల దెబ్బ పడును. కావున ఆటకు ముందు "నొప్పి రాకుండ" ఈ మాత్ర మింగు అలవాటు మానవలెను. మరునాటి నొప్పి దీనివలన తప్పునను హామీ లేదు. కీడు మాత్రము నిజము.

రాబందుల కథ మీరు వినియే ఉందురు. ఒకప్పుడు ఊరి వెలుపల పశువు చచ్చినచో ఆకాశమునుండి గుంపులుగా దిగెడి రాబందులు నేడు కానరావు. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరములద్వారా రాబందుల కడుపున చేరి, మూత్రపిండములు చెడి అవి చనిపోవుచున్నవని 2004లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. మన దేశమున 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడినది. మనుష్యుని శరీరము పక్షి శరీరమువంటిది కాదు. వైద్యుడు చెప్పిన మోతాదులో మనకు అది ఉపయోగపడు మందే. అయినను ఒక చిన్న మాత్రలో ఎంత శక్తి దాగియున్నదో తెలిసికొనుటకు ఈ కథ చాలును.

ఈ జాతి మందులలో పెక్కింటి అట్టపై, వైద్యుని చీటీ ఉన్నగాని అమ్మరాదను హెచ్చరిక ముద్రింపబడియుండును. వైద్యుడు వ్రాసినచో భోజనానంతరము, తక్కువ మోతాదులో, తక్కువ దినములు వాడవలెను. ఒకే జాతికి చెందిన రెండు మందులు కలిపి మింగరాదు. కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు, రక్తము పలుచబరచు మందులు వాడువారు, ఉబ్బసమువారు, గర్భిణీ స్త్రీలు వైద్యుని అనుమతి లేక వీటిని ముట్టరాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ప్రబలిన మూత్రపిండముల వ్యాధికి మూలకారణమేమన్న చర్చ ఇంకను సాగుచునే ఉన్నది. కాని ఒకసారి మూత్రపిండము బలహీనపడిన పిమ్మట నొప్పి మాత్రలు దానిని మరింత చెడగొట్టునన్న విషయమున మాత్రము వైద్యులలో భేదాభిప్రాయము లేదు.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త. ఆస్పిరిన్ పిల్లలకు ఇయ్యరాదు. నిమెసులైడ్ అను మందు 12 ఏండ్లలోపు పిల్లలకు ఇయ్యరాదని 2011లో ప్రభుత్వము నిషేధించినది. అట్లే వర్షకాలములో ఒళ్ళు నొప్పులతోపాటు జ్వరము కూడ వచ్చినచో, అది ఆటవలన వచ్చిన నొప్పి కాదు, డెంగీ కావచ్చును. అప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తస్రావమునకు దారితీయగలవు. పారాసెటమాల్ మాత్రమే వాడి, వెంటనే రక్తపరీక్షకు పోవలెను.

సూది మందు మోజు

మన పల్లెలలో "సూది వేసినగాని నొప్పి పోదు" అను నమ్మకము బలముగా ఉన్నది. రేపు పోటీ ఉన్నదని ఈ రాత్రి సూది వేయించుకొనువారున్నారు. ఆట మధ్యలో సూది వేసి మరల బరిలోనికి దింపువారును ఉన్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము. నొప్పి యనునది శరీరము వేయు కేక. ఆ కేక వినబడకుండ చేసి ఆడించినచో, చిరిగిన కండరము పూర్తిగా తెగవచ్చును. బీటవారిన ఎముక విరుగవచ్చును. తగిన శిక్షణ లేనివారు పిరుదున సూది తప్పుగా గ్రుచ్చినచో నరము దెబ్బతిని పాదము వ్రేలాడవచ్చును. ఒకే సూదిని ఇద్దరికి వాడినచో కాలేయపు వాపు, ఎయిడ్స్ వంటి రోగములు సంక్రమించును.

కొన్ని సూదులలో, పేరు లేని కొన్ని పొడులలో స్టెరాయిడు ఉండును. వేసిన వెంటనే అద్భుతముగా ఉండును. మరల మరల వాడినచో రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును, ముఖము ఉబ్బును, రోగములను ఎదుర్కొను శక్తి సన్నగిల్లును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. పై స్థాయి పోటీలకు పోగోరు క్రీడాకారులు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. పోటీ సమయమున స్టెరాయిడు సూది 2022 జనవరి 1 నుండియు, ట్రమడాల్ అను నొప్పి మందు 2024 జనవరి 1 నుండియు అంతర్జాతీయ క్రీడా నిబంధనల ప్రకారము నిషిద్ధములు. తెలియక వేయించుకొన్నను శిక్ష తప్పదు. ఒక సూదివలన ఏండ్ల సాధన మట్టిపాలగును.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

క్రింది లక్షణములు కనబడినచో ఇంటి చికిత్స మాని వైద్యుని వద్దకు పోవలెను.

1. మూత్రము టీ డికాషనువలె ముదురు రంగున వచ్చుట. కండరము విపరీతముగా చితికి, ఆ పదార్థము మూత్రపిండములకు చేరుచున్నదనుటకు ఇది గుర్తు. ఆలస్యము చేసినచో మూత్రపిండములు ఆగిపోవచ్చును.

2. ఎడమ భుజము, దవడ, రొమ్ము నొచ్చుచు చెమట, ఆయాసము కలుగుట. "నిన్న ఆడితిని గనుక పట్టినది" అని బామ్ రాసికొని పడుకొనరాదు. ఇది గుండెపోటు కావచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను.

3. ఆట సమయముననే "టప్పు"మని తెగినట్లు తోచుట, వెంటనే వాపు, కాలు మోపలేకుండుట, అవయవము వంకర తిరుగుట.

4. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొచ్చుట. అవయవము మొద్దుబారుట, బలము తగ్గుట.

5. మలము నల్లగా వచ్చుట, రక్తపు వాంతి. నా కథను గుర్తుంచుకొనుడు.

6. వారము దాటినను తగ్గని నొప్పి. పరుగెత్తిన ప్రతిసారియు ముంగాలి ఎముకపై ఒకే చోట వచ్చు నొప్పి. ఇది ఎముకకు సన్నని బీట పడుటవలన కావచ్చును. కొలెస్టరాలు మందులు వాడు పెద్దలకు, థైరాయిడ్ లోపమున్నవారికి ఆట లేకుండనే కండరముల నొప్పులు రావచ్చును. అట్టివారు నొప్పి మాత్రతో సరిపుచ్చుకొనక పరీక్ష చేయించుకొనవలెను.

పంచాయతీ ఏమి చేయగలదు?

"ఇది వైద్యుల పని, మాకేమి సంబంధము?" అని మీరడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. ఆరోగ్యము, పారిశుధ్యము అందొకటి. ఊరిలో పోటీలు జరుగునపుడు బహుమతులు ఇచ్చుటకు వేదిక ఎక్కువారము మనమే. ఆడినవారి క్షేమమును గూర్చి ఆలోచించుటయు మన విధియే. దీనికి పెద్ద ధనము అక్కరలేదు.

పోటీలు జరుగుచోట త్రాగునీరు, నీడ, ఒక పెట్టెలో మంచు, శుభ్రమైన గుడ్డలు, సాగెడు కట్టు ఉంచుడు. ఆ పెట్టెలో నొప్పి సూదులు ఉండరాదు. గాయపడిన ఆటగానిని సూది వేసి మరల ఆడింపరాదను నియమమును పోటీల నిబంధనలలో మొదటిదిగా వ్రాయుడు. జట్టు పెద్దలచేత దానికి సంతకము చేయించుడు. బరిలోని రాళ్ళు, గాజుపెంకులు ఏరించి, గట్టిపడిన నేలను త్రవ్వించి మెత్తబరచుడు. పోటీలకు నాలుగు వారములు ముందుగానే తేదీలు ప్రకటించినచో ఆటగాండ్రు మెల్లమెల్లగా సాధన చేసికొందురు. ఆటకు ముందు పది నిమిషములు తేలికగా పరుగెత్తించి ఒళ్ళు వెచ్చబరచుట మేలు.

ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.లను గ్రామసభకు పిలిచి మాత్రల అట్టను ఎట్లు చదువవలెనో చెప్పించుడు. ఊరి మందుల దుకాణదారులతో స్నేహపూర్వకముగా మాటలాడుడు. చీటీ లేనివారికి చీటీ మందులు అమ్మకుండుట వారికిని క్షేమమే. గ్రామములో వైద్యము చేయువారిని అవమానింపవద్దు. అర్ధరాత్రివేళ తలుపు తట్టినచో పలుకువారు వారే. అయితే వారి హద్దు ఏదో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఎప్పుడు పంపవలెనో మర్యాదగా చెప్పుడు. అచ్చట తేలని వ్యాధులకు ఏలూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. 2023 సెప్టెంబరునుండి వైద్య కళాశాలయు అచ్చట ఏర్పడినది.

ఇంటికి పోవునపుడు ఈ క్రమమును మాత్రము మనస్సున నిలుపుకొనుడు. మొదట విశ్రాంతి, నీరు, నిద్ర, కాపడము. ఆపైన పైపూత. అప్పటికిని తగ్గనిచో హద్దులో పారాసెటమాల్. మూడు దినములకును తగ్గనిచో వైద్యుడు. వాపు తగ్గించు మాత్రలు వైద్యుని మాటపైననే. ఆట కొరకు సూది ఎన్నడును వద్దు.

మిత్రులారా! ఆట మానుమని నేను చెప్పుట లేదు. నేనును మానలేదు. ఆసుపత్రినుండి వచ్చిన నాలుగు మాసముల తరువాత, వైద్యుని అనుమతితో, మరల మైదానమునకు పోవుచున్నాను. ఇప్పుడు వారమునకు మూడు దినములే ఆడుదును. ముందు పది నిమిషములు నడుతును. నొప్పి వచ్చిననాడు ఆట మానుదును. జేబులో మాత్రల అట్ట లేదు. మునుపటికన్న ఎక్కువ ఆడలేను; కాని మునుపటికన్న హాయిగా ఆడుచున్నాను. ఈ సంక్రాంతికి మీ ఊరి బరిలో దిగు ప్రతి యువకుడును, ప్రతి యువతియు ఆట ముగిసిన పిమ్మట తన కాళ్ళమీద తాను నడచి ఇంటికి చేరవలెనని కోరుచున్నాను.